చందమామ వెనక వీధిలో బసవపున్నయ్య

ఆ శనివారం పొద్దున స్నేహలత టీచర్ వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. రెండు ఇడ్లీలు తినడం, చర్చి హాలుకు వెళ్లి పదకొండు పుస్తకాల్లో పదకొండు చీటీలు పెట్టడం, ఆ తర్వాత రైలెక్కి బాపట్లలో చెల్లెలి ఇంటికి వెళ్లి సోమవారం తిరిగి రావడం. ఇందులో ఎవరికైనా ఇబ్బంది కలిగే అవకాశం పైకి ఏమీ కనిపించదు.

రేపల్లెలో ముప్పయ్యేళ్లు పిల్లలకు సైన్సు చెప్పి, పెళ్లి మాట ఎవరెత్తినా "రేపు పిల్లలకి పరీక్షలండి" అని తప్పించుకుని, మూడేళ్ల క్రితం రిటైరైన మనిషి ఆవిడ. రిటైరైన రెండేళ్లకి మోకాలికి ఆపరేషనయింది. ఆరు నెలలు మంచం మీద ఉంది. ఆ ఆరు నెలలూ ఆవిడను పక్క మీద నుంచి కదలనివ్వకుండానే గ్రహాలు తిప్పి, మాంత్రికుల కోటలెక్కించి, మళ్లీ మాత్రల వేళకి ఇంటికి తెచ్చి దించినవి ఈ మధ్య వస్తున్న సైన్సు నవలలూ, మాయాలోకాల నవలలూ. కర్ర పక్కన పెట్టి నడిచిన మొదటి వారంలోనే ఆవిడ ఆ పుస్తకాలన్నీ సంచుల్లో వేయించుకెళ్లి, చర్చి హాల్లో ఖాళీగా పడి ఉన్న ఇనప బీరువాలో సర్దింది. తనకు జరిగిన మేలు నలుగురికీ జరగాలని ఆవిడ ఆశ.

నలుగురూ రాలేదు. ఆరు నెలల్లో రిజిస్టరులో నాలుగు సంతకాలు పడితే మూడు ఆవిడవే. నాలుగోది పెన్ను రాస్తోందో లేదో చూసినవాళ్లది.

చర్చి సంఘం సెక్రటరీ రమేష్ బాబు మర్యాదస్తుడు. ఆ మర్యాదతోనే చెప్పాడు.

"టీచర్‌గారూ, మీరంటే మాకు గౌరవమండి. కాకపోతే కొత్త మైకు సెట్టు వరండాలో జల్లుకి తడుస్తోందండి. బుధవారం కమిటీ. ఈలోగా ఒక్క పదిమంది చదివేవాళ్లని చూపించండి. లేదంటే బీరువా ఖాళీ చేయాలండి."

"పుస్తకాలేం చేస్తారండి?"

"అటకెక్కిస్తాం. భద్రంగా ఉంటాయండి."

"ఎవరికండి భద్రం? చెదలకా?"

రమేష్ బాబు నవ్వి ఊరుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. ఆ బీరువా పోతే మళ్లీ మంచం పట్టినంత పని అవుతుందని ఆవిడకు తెలుసు. అందుకే బాగా ఆలోచించి, ఒక్కో పుస్తకం మీద తన సొంత అభిప్రాయం చీటీ మీద రాసి, పుస్తకంలోంచి బయటికి కనిపించేలా పెట్టాలని నిర్ణయించుకుంది. దారినపోయేవాళ్లు చీటీ చదివి పుస్తకం తీస్తారని లెక్క.

ఆవిడ అభిప్రాయాలు మొహమాటం లేనివి. అట్టమీద కత్తి ఉన్న ఒక లావుపాటి నవల గురించి ఇలా రాసింది: "నాలుగు రాజ్యాలు, పదహారు యుద్ధాలు. ఒక్క మడి చెక్క లేదు. లక్షమంది సైన్యం మూడేళ్లుగా ఏం తింటున్నారో రచయిత చెప్పాలి. అయినా ఆ ముసలి మంత్రగత్తె కోసం చదవండి." కాలంలో వెనక్కి ప్రయాణించిన కుర్రవాడి నవల మీద ఇలా: "మూడు వందల ఏళ్లు వెనక్కి వెళ్లి ఇప్పటి భాష మాట్లాడితే అక్కడ ఒక్కరూ నవ్వలేదు. నేను నవ్వాను." ఇంకోదాని మీద: "ఇందులో మరమనిషి ఏడ్చినచోట నేనూ ఏడ్చాను. రాసినవారు చల్లగా ఉండాలి."

ఇక ఆవిడ ప్రాణం పెట్టుకున్న నవల 'చందమామ వెనక వీధి'. చంద్రుడి అవతలి వైపు కట్టిన కేంద్రంలో ఒక్కడే చిక్కుకుపోయిన ఇంజినీరు కథ. మన సైన్సు నవలల్లో నాయకులందరికీ రెండక్షరాల పేర్లు ఉండగా, ఈ రచయిత ధైర్యం చేసి బసవపున్నయ్య అని పెట్టాడు. ఊరు చెరుకుపల్లి దగ్గర అని కూడా రాశాడు. దాంతో మొదటి పేజీలోనే టీచర్ ఆయన్ని నమ్మేసింది. అభిప్రాయం చెప్పాలి గాని కథ చెప్పకూడదన్నది ఆవిడ నియమం గనక, చంద్రుడి ఊసెత్తకుండా చీటీ రాసింది:

"బసవపున్నయ్యగారు నూట నలభై రోజులుగా ఒక్కరే ఉన్నారు. గాలి సరిపోవడం లేదు. ఇంట్లోవాళ్లకి ఈ సంగతి తెలియదు. ఆయన గురించి దిగులుతో నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మీరూ ఒకసారి ఆయన్ని పలకరించండి. – స్నేహలత టీచర్."

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా కాగితంతో వచ్చింది. సంఘంలో ఎవరికైనా కష్టం వస్తే ప్రార్థన మనవి చీటీ మీద రాసి, గుమ్మం పక్కన పెట్టెలో వేస్తారు. పాస్టరు అయ్యగారు ఆదివారం ఆరాధనలో చదువుతారు. క్రిస్మస్‌కి ఆ చీటీలు అవసరానికి మించి అచ్చయ్యాయి. కట్టలకి కట్టలు బల్లమీద పడి ఉన్నాయి. కాగితం వృథా అవుతుంటే చూడలేని పంతులమ్మ గనక, టీచర్ తన అభిప్రాయాలన్నీ వాటి వెనకవైపు రాసింది. శనివారం వాటిని పుస్తకాల్లో పెట్టి, అనుకున్నట్టే రైలెక్కింది.

ఆదివారం తెల్లవారగానే హాలు ఊడుస్తున్న ఆదాము తాతకి బీరువా కింద ఒక చీటీ దొరికింది. పైన పెద్ద అక్షరాలతో 'ప్రార్థన మనవి' అని ఉంది. వెనక చిన్న అక్షరాలున్నాయి గాని కళ్లజోడు ఇంట్లో ఉంది. "పాపం, ఎవరిదో పడిపోయింది" అనుకుని, దుమ్ము దులిపి, తీసుకెళ్లి పెట్టెలో వేశాడు. ఆయన చేసినదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు.

మధ్యాహ్నం బాపట్లలో చెల్లెలు కరుణశ్రీ వడ్డిస్తుండగా టీచర్ ఫోన్ మోగింది. స్త్రీల సమాజం అధ్యక్షురాలు వరమ్మ.

"వందనాలండి టీచర్‌గారూ. బసవపున్నయ్యగారి సంగతేనండి. పొద్దున్నించి మనసు మనసులో లేదు."

టీచర్ చేతిలో గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. "మీరు చదివారా వరమ్మగారూ?"

"అయ్యగారే చదివి వినిపించారండి, ఆరాధనలో. ఆడవాళ్లందరం కొంగులు నోట్లో కుక్కుకున్నాం."

అయ్యగారంతటివారు నవల తీసి సంఘానికి చదివి వినిపించారని అర్థం చేసుకున్న టీచర్‌కి కూర్చోబుద్ధి కాలేదు. "ఎంతవరకు విన్నారండి?"

"ఒక్కరే ఉన్నారు, గాలి ఆడడం లేదు, అంతవరకేనండి. ఇప్పుడెలా ఉంది?"

"పదకొండు రోజులకి సరిపడా గాలి ఉందండి. ఆ తర్వాత ఇంకేమీ లేదు."

"అయ్యో ప్రభువా! మరి భార్యకి చెప్పకపోవడమేంటండీ?"

"ఆయనే చెప్పొద్దన్నారండి, కంగారు పడుతుందని. ఆయనలో నాకు నచ్చిందే అదండి."

"బాగుందండి నచ్చడం! పక్కన మనిషన్నవాడు లేడా?"

"లేడండి. తనలో తనే మాట్లాడుకుంటూ ఉంటారు. ఒకచోట పాటలు కూడా పాడతారు. ఆ పాట దగ్గర మీరు తట్టుకోలేరు."

"ఆయనది ఏ ఊరండీ?"

"చెరుకుపల్లి దగ్గరేనండి. అందుకే మన మనిషిలా అనిపించాడు."

"మరి గండం గడుస్తుందంటారా?"

"అది మాత్రం నన్నడక్కండి. నా నోటితో నేను చెప్పకూడదు."

"నిజమేలెండి. చెప్పడానికి మనమెవరం" అంది వరమ్మ. ఇద్దరూ ఎంతో తృప్తిగా ఫోన్లు పెట్టేశారు.

"ఏంటక్కా, మొహం అలా వెలిగిపోతోంది?" అని కరుణశ్రీ అడిగితే, "సంఘం మొత్తం చదువుతోందే!" అంది టీచర్, కళ్లు తుడుచుకుంటూ. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకుంది.

మర్నాడు ఉదయం ఆవిడ తెనాలిలో దిగి, రేపల్లె బండి కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చుంది. పక్కన ఒకావిడ పలకరించింది. పేరు ప్రేమకుమారి అనీ, తెనాలిలో నర్సుగా చేస్తున్నాననీ చెప్పింది. టీచర్ చెల్లెలిచ్చిన సున్నుండల డబ్బా తెరిచి ఒకటి అందించింది.

"వద్దక్కా, ఇవాళ ఉపవాసం" అంది ప్రేమకుమారి.

"ఏంటమ్మా విశేషం?"

"మీది రేపల్లే అంటున్నారు, మీకు తెలియదా? ఎవరో బసవపున్నయ్యగారంట. చాలా సీరియస్‌గా ఉందంట. మూడూళ్ల సంఘాలూ ఉపవాసమే. ఇదిగో చూడండి."

ఫోన్‌లో వచ్చిన సందేశం ఇది: "అత్యవసర ప్రార్థన మనవి. చెరుకుపల్లి బసవపున్నయ్యగారు నూట నలభై రోజులుగా మంచంలో ఉన్నారు. డాక్టర్లు పదకొండు రోజులు గడువిచ్చారు. భార్యకు తెలియదు. మతి చలించి పాటలు పాడుతున్నారు. దయచేసి అన్ని గ్రూపులకీ పంపండి. వివరాలు తెలిసినవారు: స్నేహలత టీచర్, రేపల్లె."

టీచర్ ఆ సందేశాన్ని మూడుసార్లు చదివింది. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది. మూడోసారి అర్థం కాకుండా ఉంటే బాగుండుననిపించింది. సున్నుండల డబ్బాకి మూత పెట్టేసింది.

"మీకు ఆయన తెలుసా అక్కా?" అని అడిగింది ప్రేమకుమారి.

"బాగా తెలుసమ్మా" అంది టీచర్ నీరసంగా.

రేపల్లె బండి ఎక్కాక ఆవిడ పరిస్థితి ఎవరికీ రాకూడదు. నిజం చెబితే, దయ్యాలూ గ్రహాలూ ఉన్న పుస్తకాల కోసం మూడూళ్ల జనాన్ని పస్తులు పెట్టిన మనిషిగా పేరుపడుతుంది. బుధవారం దాకా ఆగకుండా ఇవాళే బీరువా ఖాళీ చేస్తారు. చెప్పకపోతే, పాపం వరమ్మకి సుగరు, ఆవిడ ఇంకెన్నాళ్లు ఉపవాసం ఉంటుందో తెలియదు. వేమూరు దాటేవరకు టీచర్ చెప్పకూడదనే అనుకుంది. వేమూరు దాటాక వరమ్మ మొహం గుర్తొచ్చి ఫోన్ చేసింది.

"వరమ్మగారూ, ముందు మీరేమైనా తినండి. ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. ఆ బసవపున్నయ్య..."

"దొరికారండి!" అని అవతల నుంచి కేక. వెనక బోలెడంతమంది గోల. "చెరుకుపల్లిలోనే ఉన్నామండి. మా పిన్ని కూతురు వాళ్ల వీధే. మీరు చెప్పింది చెప్పినట్టు, ఒక్కరే ఉంటున్నారండి! మీరూ తిన్నగా వచ్చేయండి."

ఫోన్ కట్టయింది. ఒక్క నిమిషం టీచర్ తన తలకాయనే అనుమానించింది. చంద్రుడి మీద ఉన్న మనిషి చెరుకుపల్లిలో ఎలా దొరికాడు?

దొరకడం పెద్ద కష్టం కాలేదు. మన వైపు ఆ పేరు పెట్టుకున్న పెద్దమనిషి ఊరికొకరైనా ఉంటారు. చెరుకుపల్లి బసవపున్నయ్య అరవై ఎనిమిదేళ్ల రైతు. ఇంట్లో ఇష్టంగా పెంచుకున్న గేదెను తనకు మాట మాత్రం చెప్పకుండా అమ్మేశాడని భార్య సుబ్బాయమ్మ అలిగి, బాపట్లలో కూతురి దగ్గరికి వెళ్లి అయిదు నెలలు కావస్తోంది. ఆయన పంతం కొద్దీ ఫోన్ చేయలేదు. ఆవిడా చేయలేదు. తన వంట తాను తిని మనిషి కాస్త చిక్కిన మాట మాత్రం నిజం.

టీచర్ ఆటో దిగేసరికి ఆ ఇంటి ముందు రెండు వ్యాన్లున్నాయి. వాకిట్లో ముప్పైమంది. అరుగు నిండా కొబ్బరి బోండాలు, బత్తాయిలు. మధ్యలో ఎవరినో అడిగి తెచ్చిన ఆక్సిజన్ సిలిండరు. దాని పక్కన మంచం మీద బసవపున్నయ్య.

"నాకేం లేదండీ బాబూ! పొద్దున్నే చేలో నీళ్లు కట్టి వచ్చా!" అని మొత్తుకుంటున్నాడాయన.

"అందరూ అలాగే అంటారండి. మా బావగారూ చివరిదాకా అలాగే అన్నారు" అంది వరమ్మ, ఆయన పాదాలకు దుప్పటి కప్పుతూ.

రమేష్ బాబు ఆయన వేలికి చిన్న మెషీను తగిలించి చూశాడు. ఆక్సిజన్ తొంభై తొమ్మిది చూపించింది. "ఈ మెషీను పాడైందండి, ఇంకోటి తెప్పిస్తాను" అన్నాడు గంభీరంగా.

టీచర్ గేటు పట్టుకుని ఊపిరి పీల్చుకుంది. "రమేష్ బాబుగారూ, ఒక్క మాటండి" అని మొదలుపెట్టింది. ఆ మాట పూర్తికాకముందే వాకిట్లో కారు ఆగింది. దాంట్లోంచి సుబ్బాయమ్మ దిగింది. సందేశం బాపట్లలో ఆవిడ కూతురి ఫోన్‌కి కూడా చేరిందన్నమాట.

"పదకొండు రోజులంట! నాకు చెప్పొద్దన్నారంట! గేదె పోతే పోయింది, మిమ్మల్నెవరు తెచ్చిస్తారు నాకు?" అని ఆవిడ గుండెలు బాదుకుంటూ లోపలికొచ్చింది.

బసవపున్నయ్య భార్యను చూశాడు. చూసి, ఇందాకటి నుంచి కూర్చోవాలని పెనుగులాడుతున్నవాడు కాస్తా మెల్లగా దిండు మీదికి జారాడు. రెండుసార్లు దగ్గాడు. మొదటి దగ్గు బాగా కుదరలేదు గాని రెండోది ఫరవాలేదు.

"వచ్చావా సుబ్బులూ" అన్నాడు బలహీనంగా.

"చూశారా, ఇప్పుడు బయటపడింది అసలు జబ్బు" అన్నాడు రమేష్ బాబు.

ఇంక ఆగితే సిలిండరు తిప్పేస్తారని టీచర్‌కి భయం పట్టుకుంది. బీరువా కళ్లముందు మెదిలింది. అయినా ఆవిడ వాకిలి మధ్యకొచ్చి నిలబడి, క్లాసులో చెప్పినంత గట్టిగా చెప్పేసింది.

"అందరూ నన్ను క్షమించాలి. నేను రాసిన బసవపున్నయ్యగారు ఈయన కాదండి. ఆయన ఒక నవలలో మనిషి. చంద్రుడి మీద ఉంటాడు. బీరువాలో పుస్తకం మీరు చదువుతారని ఆశపడి నా అభిప్రాయం చీటీ వెనక రాశాను. అది ఎలాగో పెట్టెలో పడింది. ఆయన కోసం మీరు పస్తులున్నారు. తప్పు నాది."

లోపల పొయ్యి మీద పాలు పొంగుతుంటే కూడా ఎవరూ కదల్లేదు. సుబ్బాయమ్మ మాత్రం నెమ్మదిగా మొగుడివైపు తిరిగింది. "మరి ఆ దగ్గేంటి?"

బసవపున్నయ్య లేచి కూర్చున్నాడు. దుప్పటి మడతపెట్టాడు.

"దగ్గు అబద్ధమేనే. నువ్వు మళ్లీ వెళ్లిపోతావేమోనని" అన్నాడు. తర్వాత టీచర్ వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, మీ పుస్తకంలో ఆయన ఎక్కడుంటే ఏంటి? నూట నలభై రోజులన్నారు చూడండి, అది నా లెక్కే. ఈ గుమ్మంలోకి ఇన్నాళ్లూ ఒక్కరు రాలేదు. నేనే రానివ్వలేదనుకోండి. ఇవాళ ముక్కూ మొహం తెలియనివాళ్లు ముప్పైమంది నా కాళ్లకి దుప్పటి కప్పారు. మీరు ఎవరికోసమని బయల్దేరినా, వచ్చింది నా ఇంటికి. ఈ మేలు నేను మర్చిపోను."

సుబ్బాయమ్మ లోపలికి వెళ్లి పాలు దించింది. కాసేపట్లో అందరికీ కాఫీలొచ్చాయి. వెళ్లిపోయే మనిషి ముప్పైమందికి కాఫీ కలపదని అందరికీ అర్థమైంది. టీచర్ కొంగుతో కళ్లొత్తుకుంది. లోకంలో లేని ఒక మనిషి కోసం తమ అన్నం మానేసిన ఈ జనాన్ని ఆవిడ తనివితీరా చూసుకుంది. ఇంతమంది మంచివాళ్ల మధ్య ఉంటూ ఆరు నెలలుగా వీళ్లు పుస్తకం ముట్టుకోరని విసుక్కున్నందుకు సిగ్గుపడింది.

రమేష్ బాబు ఒక్కడే కాఫీ ముట్టుకోలేదు. "నిన్న మధ్యాహ్నం నుంచి ఒట్టి మంచినీళ్లండి! ఒక అచ్చు పుస్తకంలో మనిషి కోసం! బుధవారం కమిటీలో ఈ సంగతి తేలుస్తానండి" అన్నాడు. గేటు దాకా వెళ్లాడు. ఆగాడు. వెనక్కి వచ్చాడు.

"ఇంతకీ ఆయన బయటపడ్డాడా లేదా?"

ముప్పైమందీ టీచర్ వైపు తిరిగారు. వరమ్మ గ్లాసు కింద పెట్టింది. ఆక్సిజన్ సిలిండరు తెచ్చినవాడు కూడా ఒక అడుగు ముందుకేశాడు.

"అభిప్రాయం ఎంతైనా చెబుతానండి. కథ మాత్రం చెప్పను" అంది టీచర్.

"నేను రెండు పూటలు భోజనం మానేశానండి ఆయన కోసం!"

"అందుకే చెప్పనండి. అంత చేసినవారు సొంతంగా చదువుకోవాలి."

వ్యాన్లు రెండూ ఇంటికి కాకుండా తిన్నగా చర్చి హాలుకి వెళ్లాయి. ఉన్నది ఒక్క ప్రతి. అందుకని ఆ సాయంత్రం మొదలుపెట్టి మంగళవారమంతా హాల్లో వంతులవారీగా పైకి చదివారు. పాట దగ్గర వరమ్మ నిజంగానే తట్టుకోలేకపోయింది. ఆదాము తాత కళ్లజోడు తెచ్చుకుని మరీ ముందు వరసలో కూర్చున్నాడు. చెరుకుపల్లి నుంచి మొగుడూపెళ్లాలిద్దరూ బండి మీద వచ్చారు. వినలేక మధ్యలో లేచి వెళ్లినవాళ్లు లేరు. ఆ పుస్తకం అయిపోయాక మిగిలిన పదీ ఏంటని జనం బీరువా మీద పడ్డారు. లక్షమంది సైన్యం ఏం తింటున్నారన్న ప్రశ్న మీద బసవపున్నయ్యకీ ఆదాము తాతకీ పెద్ద వాదన జరిగింది.

బుధవారం కమిటీలో బీరువా విషయం చర్చకు వచ్చింది. రమేష్ బాబు లేచి, మైకు సెట్టు తన ఇంట్లో పెట్టుకుంటానన్నాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అభిప్రాయాల చీటీలు కూడా కొనసాగించవచ్చని ఒప్పుకున్నారు. అయితే ఇకమీదట టీచర్‌గారు ఎవరి గురించి రాసినా, ఆ మనిషి ఏ గ్రహం మీద ఉన్నాడో మొదటి వాక్యంలోనే తెలియజేయాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.